గాడి కొలతే గురి: పోత గుండ్లకు లీవర్ యాక్షన్ రైఫిల్ ఎంపిక

1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో కౌబాయ్ మన ఊళ్ల సినిమా హాళ్లకు వచ్చాడు. ఆ కౌబాయ్‌ల దేశంలో పుట్టిన తుపాకి లీవర్ యాక్షన్ రైఫిల్. ట్రిగర్ చుట్టూ ఉండే ఇనుప కడియాన్ని కిందికి తోసి పైకి లాగితే చాలు, ఖాళీ ఖోలు బయటికి ఎగురుతుంది, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. అమెరికాలో ఇది అటకెక్కిన వస్తువు కాదు. నేటికీ కొత్తవి తయారవుతున్నాయి, జింక వేటకూ పోటీలకూ వాడుతున్నారు. వాడేవాళ్లలో కొందరు గుండ్లను దుకాణంలో కొనరు. సీసం కరిగించి, మూసలో పోసి, తామే తయారుచేసుకుంటారు. అలా పోసిన గుండ్లకు ఏ లీవర్ రైఫిల్ నప్పుతుందన్నది వాళ్లలో తరాలుగా నలుగుతున్న ప్రశ్న.

మన వాడుకలో తూటా, గుండు ఒకటైపోయాయి. ఇక్కడ వాటిని విడదీసుకోవాలి. ఇత్తడి ఖోలు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు, ఇవన్నీ కలిస్తే తూటా. గొట్టంలోంచి దూసుకుపోయేది గుండు ఒక్కటే. ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారయ్యే రైఫిల్ గుండ్లలో ఎక్కువ వాటికి రాగి తొడుగు ఉంటుంది. పోత గుండుకు అది ఉండదు. రాగి తొడుగున్న గుండు గొట్టం కొలతలో చిన్న తేడాలను ఓర్చుకుంటుంది. సీసం ఓర్చుకోదు. అందుకే ఈ ఎంపికలో కంపెనీ పేరు చివర చూడాల్సిన విషయం. ముందు ఏ తూటా అన్నది తేల్చుకోవాలి, తర్వాత గొట్టం లోపలి కొలత, ఆ తర్వాత తుపాకి కట్టుబడి చూడాలి.

సీసం కోసమే పుట్టిన తుపాకి

బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో రూపొందించిన రైఫిల్ మొదలు 1866, 1873 నాటి వించెస్టర్ల వరకు ఈ కుటుంబమంతా నల్లమందుతో (పొగ వచ్చే పాతకాలపు నల్ల తుపాకిమందుతో), సీసపు గుండుతో పెరిగింది. 1873 మోడల్‌తో వచ్చిన .44-40 తూటాలో గుండు బరువు 200 గ్రెయిన్లు. పౌనుకు 7000 గ్రెయిన్లు కాబట్టి అది దాదాపు 13 గ్రాములు. జాన్ మోజెస్ బ్రౌనింగ్ వించెస్టర్ కంపెనీ కోసం వరసగా 1886, 1892, 1894 మోడళ్లను రూపొందించాడు. 1894 మోడల్ కూడా మొదట .32-40, .38-55 అనే నల్లమందు తూటాలతోనే వచ్చింది. మరుసటి ఏడాది దానికి పొగరాని మందుతో .30-30 తూటా జతయింది. వేగం పెరిగింది, రాగి తొడుగు అవసరమైంది. అయినా తుపాకి రూపం మారలేదు.

ఆ రూపంలోనే పోత గుండుకు అనుకూలమైన గుణం ఒకటి ఉంది. చాలా లీవర్ రైఫిళ్లలో తూటాలు గొట్టం కింద మరో సన్నని గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనక తూటా గుండు ముక్కు ముందు తూటా ప్రైమర్‌కు ఆనుకుంటుంది. ముక్కు మొనదేలి ఉంటే, తుపాకి పేలినప్పటి కుదుపుకు ముందు తూటా లోపలే పేలే ప్రమాదముంది. అందుకే చదును ముక్కు గుండ్లే వాడాలి. చదును ముక్కు ఇవ్వడం మూసకు తేలిక. వేటలోనూ చదును ముక్కు బాగా పనిచేస్తుంది. సీసం పెద్దగా విచ్చుకోకపోయినా ఆ వెడల్పు ముఖమే లోతైన గాయం చేస్తుంది. పైగా స్ప్రింగు ఒత్తిడికి గుండు ఖోలులోకి దిగిపోకుండా, ఖోలు అంచును గుండు మీది ఒక గాడిలోకి ముడవాలి. ఆ గాడి మూసలోనే వస్తుంది. 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ కంపెనీ ఇలాంటి మూసలను ఇంటింటికీ చేర్చింది. 1925లో అది లైమన్ చేతికి వచ్చింది. నేటికీ లైమన్, ఆర్‌సీబీఎస్, లీ కంపెనీల మూసల్లో లీవర్ రైఫిళ్ల కోసమే చేసిన చదును ముక్కువి దొరుకుతాయి.

గాడి, గట్టు

రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరుగుతూ చెక్కిన పల్లాలు గాడులు, వాటి మధ్య మిగిలిన ఎత్తులు గట్లు. పొలం తెలిసినవాళ్లకు ఈ మాటలు విప్పి చెప్పక్కర్లేదు. గుండు గట్లను ఒరుసుకుంటూ, గాడులను పూర్తిగా నింపుతూ, తిరుగుతూ ముందుకు సాగాలి. గుండు సన్నగా ఉండి గాడిలో ఏ మూలైనా సందు మిగిలితే, గట్టుకు గండి పడ్డప్పుడు నీళ్లు దూకినట్టు మంట ఆ సందులోంచి దూకుతుంది. గుండు పక్కల్ని కోసి, కరిగిన సీసాన్ని గొట్టానికి పూస్తుంది. ఇలా సీసం పట్టిన గొట్టానికి గురి నిలవదు. గుండు మెత్తగా ఉండటం వల్లే సీసం పడుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం గుండు సన్నగా ఉండటం.

అనుభవజ్ఞులు పాటించే సూత్రం ఒకటే. పోత గుండు గాడి వ్యాసం కన్నా 0.001 నుంచి 0.002 అంగుళం లావుగా ఉండాలి. అంగుళంలో వెయ్యో వంతు అంటే తల వెంట్రుక మందంలో సుమారు మూడో వంతు. ఇంత చిన్న తేడా మీదే ఫలితం ఆధారపడుతుంది కాబట్టి పెట్టె మీద రాసిన కొలతను నమ్మి మూస కొనడం డబ్బు పారబోసుకోవడమే. .44 మ్యాగ్నమ్ దీనికి మంచి ఉదాహరణ. రివాల్వర్ గొట్టంలో గాడి వ్యాసం సాధారణంగా 0.429 అంగుళం దగ్గర ఉంటుంది. అదే తూటా రైఫిల్ గొట్టంలో అది తరచూ 0.431 అంగుళం. రివాల్వర్‌లో చక్కగా పోయిన 0.430 అంగుళం గుండు రైఫిల్‌లో సన్నదైపోతుంది. అక్కడ 0.432 కావాలి. .44-40 పాత తుపాకుల్లో గాడి 0.427 దగ్గర ఉంటే, నేటి నకళ్లలో చాలావాటికి 0.429. .38-55 పాత గొట్టాలు 0.379 దగ్గర, తర్వాతి కాలపువి కొన్ని 0.376 దగ్గర ఉంటాయి. పేరు ఒకటే అయినా లోపలి కొలతలు వేరు.

గొట్టాన్ని కొలవడం కష్టమైన పని కాదు. ఖాళీ తుపాకి గొట్టానికి నూనె రాసి, కాస్త లావైన మెత్తని సీసపు ముక్కను కడ్డీతో నెమ్మదిగా ఒక చివర నుంచి మరో చివరకు తోయాలి. బయటికొచ్చిన ముక్క మీద గాడులు, గట్లు అచ్చుపడి ఉంటాయి. దాన్ని మైక్రోమీటర్‌తో కొలిస్తే గాడి వ్యాసం తెలుస్తుంది. తోసేటప్పుడే మరో సంగతి చేతికి తెలుస్తుంది. లీవర్ రైఫిళ్లలో గొట్టం మీద వెనక గురి, కింది గొట్టం బిగించడానికి కోతలు కోస్తారు. ఆ కోతల కింద గొట్టం లోపల కొద్దిగా ఇరుకవుతుంది. సీసపు ముక్క అక్కడ బిగుసుకుని, దాటగానే వదులవుతుంది. అలాంటి ఇరుకు గుండును నొక్కి సన్నం చేస్తుంది, మిగతా దారంతా అది వదులుగా పోతుంది. పాత రైఫిల్ కొనేవాళ్లకు బయటి నగిషీ కన్నా ఈ పరీక్షే ముఖ్యం.

ఇంకా రెండు జాగ్రత్తలున్నాయి. లావు గుండు ఎక్కించిన తూటా, గొట్టం వెనక తూటా కూర్చునే చాంబర్‌లోకి బిగుతు లేకుండా దిగాలి. దిగకపోతే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది, కాబట్టి గుండు లావుకు చాంబరే హద్దు. రెండోది ఖోలు మెడ. రాగి గుండ్ల కొలతకు బిగించిన మెడలోకి మెత్తని గుండును తోస్తే, 0.310 అంగుళం గుండు లోపలే 0.308కి నలిగిపోతుంది. ఖోలు మూతిని పోత గుండుకు తగ్గట్టు వెడల్పు చేసే డై వాడాలి. తుపాకిని తిట్టే చాలామంది ఈ చిన్న దశను దాటేసినవాళ్లే.

మార్లిన్ సన్నగాడుల వాదన

ఈ రంగంలో ఎక్కువకాలం సాగిన వాదన మార్లిన్ కంపెనీ గొట్టాల గురించి. 1950లలో మార్లిన్ ‘మైక్రో-గ్రూవ్’ పేరిట లోతు తక్కువగా, సంఖ్య ఎక్కువగా ఉండే గాడులు తెచ్చింది. లోతు లేని గాడిలో మెత్తని సీసం జారిపోతుందని, ఈ గొట్టాలు పోత గుండ్లకు పనికిరావని మాట పుట్టి స్థిరపడింది. మార్లిన్ తర్వాత తన కౌబాయ్ మోడళ్లలో లోతైన పాత తరహా గాడులు పెట్టడం ఆ నమ్మకానికి మరింత బలమిచ్చింది.

ఓపికగా కొలిచి కాల్చినవాళ్ల అనుభవం వేరు. సన్నగాడుల గొట్టాల్లో గాడి వ్యాసం కొంచెం వెడల్పుగా ఉండటం మామూలు. అందుకే .30-30లో 0.309 గుండు విఫలమైన చోట 0.311 గుండు నిలిచింది. లావు సరిపోయి, మిశ్రమం కాస్త గట్టిగా ఉండి, అడుగున గ్యాస్ చెక్ ఉంటే ఈ గొట్టాలు చక్కగా కాలుస్తాయి. గ్యాస్ చెక్ అంటే గుండు అడుగుకు తొడిగే చిన్న రాగి గిన్నె. మంట సీసాన్ని నేరుగా తాకకుండా అది అడ్డుపడుతుంది. అయితే లోతైన గాడులకు ఒక మేలు ఉన్నమాట నిజమే. గ్యాస్ చెక్ లేని మెత్తని గుండ్లను, నల్లమందును అవి ఎక్కువ ఓర్పుతో భరిస్తాయి. నెమ్మదిగా, చవకగా కాల్చాలనుకునేవాళ్లు లోతైన గాడులు వెతుక్కోవచ్చు. సన్నగాడులున్నాయన్న ఒక్క కారణంతో మంచి పాత మార్లిన్‌ను వదులుకోవడం మాత్రం తప్పు.

ఏ తూటా?

మొదటి వర్గం పిస్తోలు తూటాలు. 1935లో వచ్చిన .357 మ్యాగ్నమ్ ఇందులో అన్నిటికన్నా ఉదారమైనది. 158 గ్రెయిన్ల గుండు పోస్తే పౌను సీసానికి 44 గుండ్లు వస్తాయి. అదే చాంబర్‌లో పొట్టి .38 స్పెషల్ కూడా పేలుతుంది, అది సాఫీగా ఎక్కుతుందో లేదో ఆ తుపాకిలోనే చూసుకోవాలి. సెకనుకు 1,200 అడుగుల వేగం దాకా గ్యాస్ చెక్ అవసరమే రాదు. మందు తక్కువ, కుదుపు తక్కువ, నేర్చుకోవడం తేలిక. 1955 నాటి .44 మ్యాగ్నమ్‌లో 240 గ్రెయిన్ల గుండు వంద గజాల్లో జింకకు చాలు. కాకపోతే చాలా మార్లిన్ .44 గొట్టాల్లో మెలిక 38 అంగుళాలకు ఒక చుట్టే. మెలిక ఇంత నిదానమైతే మరీ పొడవైన, బరువైన గుండ్లు నిలకడగా తిరగవు. .44-40 ఖోలు మెడ పలచన, అందుకే తక్కువ ఒత్తిడిలోనూ చాంబర్ గోడకు అతుక్కుని మసిని వెనక్కు రానివ్వదు. నల్లమందు కాల్చేవాళ్లు దాన్ని ప్రేమించేది ఇందుకే. .45 కోల్ట్ ఖోలు మందం కావడంతో తేలికపాటి లోడ్లలో మసి వెనక్కు వస్తుంది.

ఈ వర్గంలో మరో ఇబ్బంది తూటా పొడవు. వించెస్టర్ 1892, మార్లిన్ 1894 లాంటి పొట్టి యంత్రాలు నిర్దిష్ట పొడవునే ఒప్పుకుంటాయి. తుపాకుల రచయిత ఎల్మర్ కీత్ పేరుతో ప్రసిద్ధమైన పొడుగు ముక్కు, పదునైన భుజం ఉన్న గుండ్లు రివాల్వర్‌కు అద్భుతమైనా లీవర్ రైఫిల్‌లో తట్టుకుని ఆగిపోవచ్చు. గుండ్రంగా వాలి చివర చదునయ్యే ముక్కు సాఫీగా ఎక్కుతుంది. మూస కొనకముందే నకిలీ తూటా ఒకటి తయారుచేసి ఎక్కించి చూడటం ఉత్తమం.

రెండో వర్గం నడిమి రైఫిల్ తూటాలు. ఇందులో .30-30ది పెద్దపీట. వించెస్టర్ 1894 మోడల్ 70 లక్షలకు పైగా తయారైంది, మార్లిన్ 336 కూడా 1948 నుంచి విస్తారంగా వచ్చింది. కాబట్టి ఖోళ్లు, మూసలు, అనుభవం అన్నీ సులభంగా దొరుకుతాయి. 170 గ్రెయిన్ల చదును ముక్కు గుండు, గ్యాస్ చెక్, సెకనుకు 1,600 నుంచి 2,000 అడుగుల వేగం, ఇది బాగా నిలదొక్కుకున్న దారి. .32 వించెస్టర్ స్పెషల్‌లో మెలిక 16 అంగుళాలకు ఒకటి, .30-30 వించెస్టర్లలో 12 అంగుళాలకు ఒకటి. నిదానమైన మెలిక సీసాన్ని తక్కువ హింసిస్తుంది. 1906 నాటి .35 రెమింగ్టన్ మెలిక కూడా 16కు ఒకటే, లావు గుండు, మంచి వేట తూటా. .38-55 నిదాన వేగంలో ఉత్తమమైనది, కానీ గొట్టం కొలిచాకే మూసకు ఆర్డరివ్వాలి. .25-35ను మాత్రం కొత్తవాళ్లకు సిఫార్సు చేయలేను. 8 అంగుళాలకు ఒక మెలిక, చిన్న గుండు, పోతలో ఏ చిన్న లోపమైనా కాగితం మీద పెద్దదై కనిపిస్తుంది.

మూడో వర్గం .45-70. అమెరికా సైన్యం 1873లో స్వీకరించిన తూటా ఇది. 405 గ్రెయిన్ల గుండు, అంటే 26 గ్రాముల సీసం, సెకనుకు దాదాపు 1,300 అడుగుల వేగం. పౌను సీసానికి 17 గుండ్లే వస్తాయి. పెద్ద గుండు పోయడం తేలిక, చిన్న లోపాలు దాని మీద అంతగా ప్రభావం చూపవు. మార్లిన్ 1972లో దీన్ని మళ్లీ తెచ్చింది. కానీ తూటాలో మందు కొలతలు చెప్పే లోడింగ్ పుస్తకాలు ఈ తూటాకు బలాన్ని బట్టి మూడు అంచెలు చూపుతాయి: పాత సైనిక తుపాకికి ఒకటి, లీవర్ రైఫిల్‌కు ఒకటి, బలమైన ఆధునిక ఒంటి తూటా తుపాకికి ఒకటి. మూడో అంచె లోడ్‌ను లీవర్ రైఫిల్‌లో వేయడం ప్రాణాలతో చెలగాటం. భుజానికి తగిలే దెబ్బ కూడా ఎక్కువ కాబట్టి రోజంతా సాధన చేయడం కష్టం.

కట్టుబడిలో చూడాల్సినవి

1873 వించెస్టర్ యంత్రం మోకాలిలా మడిచే కీళ్లతో పనిచేస్తుంది. సాఫీగా నడుస్తుంది గానీ బలం తక్కువ. తక్కువ ఒత్తిడి తూటాలకు, కౌబాయ్ తరహా కాల్పుల పోటీలకు అది రాజు. 1892 మోడల్ రెండు నిలువు దిమ్మెలతో బిగుసుకుంటుంది, చిన్నదైనా గట్టిది. నేడు దీని నకళ్లను బ్రెజిల్‌లో రోసీ, జపాన్‌లో మిరోకు తయారుచేస్తున్నాయి. 1873 నకళ్లు ఇటలీ నుంచి ఉబెర్టి పేరుతో వస్తున్నాయి. న్యూ హేవెన్‌లోని వించెస్టర్ ఫ్యాక్టరీ 2006లో మూతపడింది. మార్లిన్ 2007లో రెమింగ్టన్ చేతికి, 2020లో రూగర్ చేతికి వెళ్లింది. తయారీ ఎక్కడిదైనా ఎంచుకోవాల్సింది చేతిలో ఉన్న ఆ ఒక్క తుపాకినే. గురి నిటారుగా ఉందా, గొట్టం మూతి అంచు చెక్కుచెదరకుండా ఉందా, లీవర్ తిప్పితే తూటా ఒరుసుకోకుండా ఎక్కుతోందా అన్నవి దుకాణంలోనే చూడొచ్చు.

పోత గుండు కాల్చేవాళ్లకు మార్లిన్ 336లో ఒక నిజమైన సౌకర్యం ఉంది. లీవర్‌ను పట్టే ఒక్క స్క్రూ తీస్తే బోల్టు వెనక్కు జారి వస్తుంది. గొట్టాన్ని వెనక నుంచి కడగొచ్చు, కొలవొచ్చు. వించెస్టర్ 94లో (1894 మోడల్‌లో) కడ్డీని మూతి నుంచి దూర్చాలి, అది మూతి అంచును అరగదీస్తే గురి పోతుంది. మార్లిన్ పైభాగం మూసి ఉండి ఖోళ్లు పక్కకు పడతాయి, కాబట్టి స్కోపు బిగించడం తేలిక. 94లో మొదట ఖోలు పైకి ఎగిరేది, 1980లలో ఆ దారిని పక్కకు మళ్లించారు. స్కోపు లేకపోయినా కంటి దగ్గర చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ బిగిస్తే పాత తుపాకి సత్తా బయటపడుతుంది.

సావేజ్ 99, బ్రౌనింగ్ బీఎల్ఆర్‌లలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉండవు, అందుకే మొనదేలిన గుండ్లు కూడా వాడొచ్చు. కానీ అవి వేగవంతమైన రాగి గుండ్ల కోసం కట్టినవి. పోత గుండుకు ఆ వేగం అక్కర్లేదు.

సీసం, మనిషి

తుపాకిని చూసుకున్నంత శ్రద్ధగా లోహాన్నీ చూసుకోవాలి. శుద్ధ సీసం కాఠిన్యం బ్రినెల్ కొలతలో 5 దాకా ఉంటుంది. 90 పాళ్లు సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ కలిపిన లైమన్ నంబర్ 2 మిశ్రమం 15 దగ్గర, అచ్చు యంత్రాల లినోటైప్ లోహం 22 దగ్గర ఉంటాయి. గట్టిదే మేలనుకోవడం పొరపాటు. వేటలో లినోటైప్ గుండు ఎముక తగిలి ముక్కలు కావచ్చు, మధ్యస్థ కాఠిన్యమే సురక్షితం. కారు చక్రాలకు కట్టే పాత సీసపు బరువులు ఒకప్పుడు ఇంటింటి ముడిసరుకు. ఇప్పుడు వాటిలో జింకువి కలుస్తున్నాయి. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కు, జింకు దాదాపు 420 డిగ్రీలకు కరుగుతాయి. వేడి అదుపులో ఉంచితే జింకు పైకి తేలుతుంది, తీసేయొచ్చు.

కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా ఆవిరై లోహాన్ని ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గాలి ఆడే చోట, కళ్లద్దాలు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కాతో పని చేయాలి. అక్కడ తినకూడదు, తాగకూడదు, పిల్లల్ని రానివ్వకూడదు. పని కాగానే చేతులు కడుక్కోవాలి. నేలకూ, పక్షులకూ హాని చేస్తుందని కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. కాబట్టి రాష్ట్రం చట్టం చూసుకున్నాకే వేటకు దిగాలి. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు తుపాకి సరదాతో ఇటు వస్తే, ఈ జాగ్రత్తలు గురి కన్నా ముందు నేర్చుకోవాలి. మన దేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం కింద అనుమతి లేకుండా తుపాకి ఉంచుకోవడమే కాదు, తూటాలు తయారుచేయడమూ నేరమే.

చివరి మాట

ఇంతకాలపు అనుభవాలన్నీ కలిపి చూస్తే నాకు మూడు సలహాలు కనిపిస్తున్నాయి. నేర్చుకోవడానికి, రోజూ కాల్చడానికి, సెకనుకు 1,400 అడుగుల పరిమితి ఉన్న కౌబాయ్ పోటీలకు .357 రైఫిల్. జింక వేట, 200 మీటర్ల వరకు పెట్టే ఇనుప బొమ్మల పోటీలు రెండూ కావాలంటే .30-30లో మార్లిన్ 336. పెద్ద గుండు మోజు తీరనివాళ్లకు .45-70, కానీ రెండో తుపాకిగా. ఒక్కటే కొనగలిగితే నా ఓటు 336కే. కారణం దాని పేరు కాదు. ఒక్క స్క్రూ తీస్తే గొట్టం వెనక నుంచి తెరుచుకుంటుంది, సీసపు ముక్కను తోసి నిజమైన కొలత తెలుసుకోవచ్చు. మూసకు డబ్బు పెట్టేది ఆ కొలత చేతికొచ్చాకే.